అవ్వకు అగ్గంటే భయం

మా పాప గడప మీద కూర్చుని ఇంగ్లీషు పదాలు బట్టీ పడుతోంది. క్రూయల్, మెర్సిలెస్, పిటిలెస్, హార్ట్‌లెస్, రూత్‌లెస్. రేపు పరీక్షంట. పుస్తకంలో ఒక్కోదాని పక్కన తెలుగులో అర్థం రాయించారు. చూస్తే అన్నీ ఒకటే మాదిరి ఉన్నాయి. దయ లేని, జాలి లేని, కనికరం లేని. నేను చదివింది ఏడో తరగతి, అదీ మా ఊరి బడిలో. లేనిదాని గురించి ఇన్ని మాటలు ఉంటాయని నాకు తెలీదు.

"అమ్మా, ఒక్కోదానికి సొంతంగా వాక్యం రాయల్లంట. చెప్పు నువ్వు."

"నాకేం తెలుసే? మీ మిస్సును అడుక్కో పో."

"మిస్సే ఇంట్లో అడగమనింది. నువ్వు తెలుగులో చెప్పు, నేను ఇంగ్లీషు చేసుకుంటా. ఎవురన్నా జాలి లేకుండా ఏమన్నా చేసింటే చెప్పు. చూసింటావు కదా నువ్వు?"

నేను వాకిట్లో కూర్చుని చేటలో శనక్కాయ విత్తనాలు ఏరుతున్నాను, రాత్రికి ఊరిబిండి నూరదామని. అప్పుడే లేపాక్షి వైపు నుంచి గాలి మళ్ళింది. మా పుట్టింటి ఊరు అటే. ఆ గాలిలో తడిసిన మట్టి వాసన. హిందూపురంలో ఇంకా చినుకు పడలేదు గానీ అక్కడెక్కడో పడిందన్నమాట. వీధిలో పిల్లలు కేకలు పెట్టారు. మా ఇంటి ఓనరమ్మ మేడ మీదికి ఉరికింది, ఆరేసిన బట్టల కోసం. అందరికీ ఇష్టమే ఆ వాసన. నాకు మాత్రం అది ముక్కుకు తగలగానే దాని వెనకే ఇంకో వాసన వస్తుంది, కిరసనాయిలు వాసన. ఎవరికి చెప్పినా నవ్వుతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మా అవ్వకు బొల్లి. మా నాయన పుట్టిన తరవాత వచ్చిందంట. రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లగా, పెదవి మూలన ఒక మచ్చ, ఒక కంటి రెప్ప మొత్తం తెలుపు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె అట్లా ఉంది కాబట్టి, వెంట్రుకలు నెరిసినట్టే ముసలివాళ్ళ చేతులు కూడా నెరుస్తాయని అనుకునేదాన్ని. పక్కింటి అవ్వ చేతులు నల్లగానే ఉంటే, పాపం ఈమెకు ఇంకా వయసు రాలేదేమో అనుకున్నాను.

ఆ తెల్ల చేతులతోనే కుండపెంకులో ఇసుక పోసి శనక్కాయలు వేయించేది. పొయ్యి అంటించే పని మాత్రం అమ్మది. మంట బాగా కిందికి దిగి నిప్పులయ్యాకగానీ అవ్వ పొయ్యి దగ్గరికి వచ్చేది కాదు. చిన్నప్పుడు బెల్లం కాసేచోట ఆడుకుంటూ ఉంటే ఆమె పావడాకు మంట అంటుకుందంట. పాదం నుంచి తొడ దాకా చర్మం ముడతలు పడి, చింతచెట్టు బెరడు మాదిరి ఉండేది. చలికాలంలో అక్కడ దురద పెడితే నన్ను పిలిచి గోకమనేది. నేను గోకుతుంటే కళ్ళు మూసుకుని, "అబ్బ, నువ్వు రాజువి" అనేది. రాణి అనమంటే, "రాణులు గోకుతారా యాడన్నా?" అనేది.

వేయించిన కాయలు రెండు అరచేతుల మధ్య నలిపి ఊదితే పొట్టు ఎగిరి నా తలంతా పడేది. ఆ పొట్టు వాసన, దంచుతున్న ఎండుమిరపకాయల ఘాటు, వెల్లుల్లి. అన్నీ రోట్లో పడి ఊరిబిండి అయ్యేసరికి ఎదురింటి మామ వాసన పట్టుకుని వచ్చేసేవాడు. మామ అంటే చుట్టం కాదు. ఆయన పాకే వయసులో తల్లి చచ్చిపోతే మా అవ్వే నాయనతో పాటు సాకింది. మీసాలు వచ్చేదాకా మా ఇంట్లోనే తిన్నాడు. పెళ్ళై పిల్లలు పుట్టాక కూడా నేరుగా వంటింట్లోకి వచ్చి మూత ఎత్తి చూసేవాడు.

"ఏమ్మా, నాకు దాచిపెట్టినావా?"

"దాచకుంటే రోలు ఎత్తుకోని పోతావు కదరా. కూచో."

ఆమెను అమ్మా అని పిలిచేది మా నాయన, ఆ తరవాత ఆయన, ఇద్దరే.

మా అమ్మకూ అవ్వకూ ఒక పూట కూడా పడేది కాదు. సంగటి దగ్గర మొదలయ్యేది.

"ఈ ముద్ద ఎనుము గూడా తినదు. రాయి మాదిరుండాది."

"ఎనుముకు పండ్లుండాయి, అది తినకపోతే ఏమి. నీకు పండ్లు ల్యాకపోయినా నోరుండాది కద, తిను."

నాయన గమ్మున లేచి చెయ్యి కడుక్కుని బయటికి పోయేవాడు. సాయంత్రానికి చూస్తే అమ్మ అవ్వ తలకు ఆముదం పెడుతూ ఉండేది, ఇద్దరూ పక్కింటి కోడలి గురించి గుసగుసలాడుకుంటూ. మళ్ళీ రాత్రి సంగటి దగ్గర మొదలు.

ఒకసారి నేను అవ్వ వక్కాకు సంచిలోని సున్నం డబ్బీ తీసి, చేతులకూ పెదవికీ పూసుకుని నడుం వంచి నడుచుకుంటూ పోయాను. "మే కోడలా, సంగటి రాయి మాదిరుండాది" అన్నాను. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అవ్వ నవ్వలేదు. నన్ను రెక్క పట్టి బట్టలుతికే బండ దగ్గరికి ఈడ్చుకుపోయి చింతపండుతో రుద్దింది. పెదవి మండి నేను ఏడుస్తుంటే నెయ్యి రాసింది.

"దీంతో ఆడుకోగూడదు పాపా. ఇది ఒంటి మీదుంటే, మన్నులో పెట్టినాక గూడా నిమ్మళంగా ఉండనీరు."

నాకు అర్థం కాలేదు. పెళ్ళిళ్ళప్పుడు అవ్వ పందిట్లోకి రాకుండా గొడ్ల కొట్టం దగ్గర కూర్చునేది. ఎవరూ పొమ్మన్నది నేను వినలేదు. రమ్మన్నదీ వినలేదు. ఇదేదో దాని గురించే అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆమె నాయనను పిలిచి అడిగింది. మా వాళ్ళలో పోయినవాళ్ళను ఎవరి పొలంలో వాళ్ళు పూడ్చిపెడతారు. తాతను కూడా మా మెట్ట చేని గట్టు దగ్గర పెట్టారు. కానీ బొల్లి ఉన్న మనిషిని పూడిస్తే వాన కట్టేస్తుందని మా పక్క ఒక నమ్మకం. అందుకని వాళ్ళను కాల్చాలి.

"ఊరోళ్ళు కాల్చమంటారు. నువ్వు వద్దను. నాకు అగ్గి వద్దురా. మీ నాయన పక్కన పెట్టు నన్ను."

"ఇప్పుడే పోతాండావా ఏమి? గమ్మునుండు."

"మాటియ్యి."

నాయన మాటిచ్చాడు.

ఆమె పోయింది ఆ చలికాలంలోనే. ఆ ఏడు పంట పండింది. కళ్ళాల్లో శనక్కాయ కట్టె వాములు, ఇంట్లో మూటలు. కడుపు నిండి ఉంటే మనుషులకు పట్టింపులు తక్కువ. ఊరిపెద్ద వచ్చి శవం పక్కన కూర్చుని, "బంగారట్లా మనిషి. యాడ పెట్టమనిందో ఆడే పెట్టుకో. వాన యాడికి పోతాది?" అన్నాడు. గుంత తవ్వింది ఎదురింటి మామే. ఇంకెవరినీ పార పట్టనివ్వలేదు. ఆమె తల కింద మెత్తగా ఉండాలని మట్టిగడ్డలు చేత్తో చిదిమి పొడి చేసి పోశాడు. అమ్మ ఆమె నడుముకు వక్కాకు సంచి కట్టి పంపింది. "సున్నం లేకుంటే ఆడ గూడా నన్నే తిడతాది" అంటూ ఏడ్చింది.

తరవాతి ఏడు వాన పోయింది.

మొదటి వాన పదునుకు అందరూ విత్తనం వేశారు. మొలిచింది, పూత కూడా వచ్చింది. ఇక ఊడలు మన్నులోకి దిగాలి, అప్పుడే కాయ. ఊడ దిగాలంటే మన్ను మెత్తబడాలి. మన్ను ఇటుక అయి కూర్చుంది. ఊడలు నేలను ముట్టుకుని, అక్కడే నల్లగా మాడిపోయాయి. మేఘాలు రాక కాదు. రోజూ మధ్యాహ్నం వచ్చేవి, మా నెత్తి మీదుగా కర్ణాటక వైపు పోయేవి. చేలో ఆడవాళ్ళు తలెత్తి, మొగుణ్ణి తిట్టినట్టు తిట్టేవాళ్ళు. బోర్లు ఒక్కొక్కటే గాలి కక్కాయి. ఊరికి ట్యాంకరు నీళ్ళు మొదలయ్యాయి.

పిల్లలం మళ్ళీరాయుణ్ణి ఎత్తుకున్నాం. బంకమట్టితో వానదేవుడి బొమ్మ చేసి, పీట మీద పెట్టి, నెత్తిన ఎత్తుకుని ఇల్లిల్లూ తిరగడం. ఇంటావిడ చెంబుడు నీళ్ళు తెచ్చి బొమ్మ మీద పోస్తుంది, చేటలో ఇన్ని రాగులు పోస్తుంది. పొడుగ్గా ఉంటానని ఆ ఏడు పీట నా నెత్తినే పెట్టారు. నీళ్ళు మొహం మీదికి కారుతుంటే నాలుక చాచి తాగడం, మట్టి కరిగి కళ్ళల్లో పడటం, ఎంత సంబరమో. ఒక ఇంటి ముందు ఆగాం. ఆ ఇంటి అత్త చెంబు పట్టుకుని వచ్చి, పీట కింద ఎవరున్నారో వంగి చూసింది. నీళ్ళు పోయలేదు.

"మీ అవ్వను మన్నులో దాచిపెట్టుకోని, ఊరిమీద పడి వాన అడుగుతారా?"

నా వెనకున్న పిల్లలు పాట ఆపేశారు. ఎవరో నా నెత్తి మీద నుంచి పీట తీసుకున్నారు. అది నెత్తిన ఉన్నప్పటికంటే తీసేశాకే మెడ నొప్పి పుట్టింది.

ఆ తరవాత అందరి నోటా అదే. బోరింగు దగ్గర మొగవాళ్ళు కూర్చుని నాయనను పిలిపించారు. నేను నాయన చెయ్యి పట్టుకుని పోయాను.

"ఏమప్పా, నువ్వే చూస్తాండావు కద ఊరు ఎట్లయిందో. తీసి కాల్చేస్తే అయిపోతాది" అన్నాడు ఊరిపెద్ద. బంగారట్లా మనిషి అన్న ఆయనే.

"మా అమ్మకు మాటిచ్చినా."

"మాట మాకు తిండి పెడ్తాదా?"

"ఎవురైనా ఆ చేన్లో పార పెడితే స్టేషన్‌కు పోతా."

"పో. పోయి, మల్ల వచ్చి ఈ ఊర్లోనే కద ఉండల్ల నువ్వు."

ఎదురింటి మామ అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు. చీకటి పడకముందే మా ఇంటికి వచ్చాడు. వంటింట్లోకి రాలేదు, వసారాలో నిలబడ్డాడు.

"నాకు ఆ యమ్మ మీద కోపమా, చెప్పు అన్నా? నా చేను చూసినావా నువ్వు? గొడ్లకు గూడా పనికిరాదు. రోంత ఆలోచన చెయ్. ఆమె ఉండింటే, ఊరు ఇట్ల ఎండుతాంటే, ఆమే ఒప్పుకోనుండేది."

నాయన ఆయన మొహంలోకి చూశాడు. "నీ చేత్తోనే కదరా గుంత తవ్వినావు."

"అదే అన్నా నన్ను నిద్ర పోనీలేదు" అని మామ ఏడ్చాడు.

మా ఇంటితో మాటలు ఆగిపోయాయి. పాలు పోసే ఆమె రావడం మానేసింది. నాయన సైకిల్‌కు బిందెలు కట్టుకుని పక్క ఊరి బోరుకు పోయేవాడు. ఆ ఊరికీ కబురు పోయింది, వాళ్ళూ వద్దన్నారు. ఎవరో మా చేని వైపు పారలు తీసుకుని పోతున్నారని తెలిసిన పొద్దున, నాయన కంటే ముందు అమ్మ ఉరికింది. పోయి అవ్వను పూడ్చిన చోట కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ మనుషులు చుట్టూ నిలబడ్డారు.

"లెయ్మా. నీకూ ఆమెకూ యాన్నాడన్నా పడిందా?"

"పడల్యా. నా అత్త. నేను తిడతా, కొడతా, నా ఇష్టం. మీరెవురు ముట్టేకి?"

"బుద్ధి ల్యాకుండా మాట్లాడొద్దు."

"బుద్ధి మీకుండాది కద, అది చాలు ఊరికి. నన్ను తవ్వి ఆమెను తీసుకోండి."

ఆడమనిషిని చెయ్యి పట్టి లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వెళ్ళిపోయారు. అమ్మ లేవలేదు. నాయన సంగటి తీసుకుపోతే అక్కడే తినేది. రాత్రి నాయన కాపలా, పొద్దున్నించీ అమ్మ. ఆమె అక్కడ కూర్చుని అవ్వతో గొడవ కూడా పెట్టుకునేది. నేను విన్నాను. "చచ్చి గూడా నన్ను ఎండకు కూచోబెట్టినావు. నీ నోటికి మన్ను పెట్టినా బుద్ధి రాలేదు నీకు" అంటూ తల మీద కొంగు సర్దుకునేది.

అట్లా కొన్నాళ్ళు. ఇంట్లో నీళ్ళు అడుగంటాయి. ఒక రోజు ట్యాంకరు హారన్ వినబడి, నేనే చిన్న బిందె తీసుకుని పోయాను.

వరుసలో నా బిందె పెట్టాను. ఒక అత్త వచ్చి నా బిందె ముందు తన బిందె పెట్టింది. ఆమె ముందు ఇంకొకామె. ఎవరూ నన్ను తోయలేదు, ఎవరూ తిట్టలేదు. ఒకామె నా జడ ఊడిపోయి ఉంటే ముడి కూడా వేసింది. ముడి వేసి, తన బిందె నా ముందు పెట్టుకుంది. పైపు నుంచి నీళ్ళు పోయే శబ్దం, తడి మట్టి వాసన, అందరి కాళ్ళూ తడుస్తున్నాయి. నా వంతు వచ్చేసరికి పైపు బుసబుసమని ఆగిపోయింది. డ్రైవరు నా వైపు చూసి, ఊరివాళ్ళ వైపు చూసి, పైపు చుట్టేశాడు.

పైపు చివర నుంచి కారే చుక్కలకు అరచెయ్యి పట్టాను. నాలుక తడిసింది, అంతే.

ఖాళీ బిందె చంకన పెట్టుకుని నేరుగా చేనికి పోయాను. ఇల్లు గుర్తు రాలేదు, అమ్మే గుర్తొచ్చింది. ఎండకు కాళ్ళు కాలుతుంటే గట్టు మీద పరిగెత్తాను. అమ్మ నన్ను చూసింది, బిందె చూసింది. నా పెదవులు పగిలి రక్తం వచ్చి ఉందంట, తరవాత చెప్పింది.

"అమ్మా, దప్పికైతాండాది."

అంతే అన్నాను. చిన్నపిల్ల అనే మాటే. అమ్మ పక్కనే మన్ను మీద అరచెయ్యి పెట్టి, ఎవరినో నిద్ర లేపుతున్నట్టు మెల్లగా రెండు సార్లు తట్టింది. లేచింది. చీర దులుపుకుంది. నన్ను ఎత్తుకుంది, నేను అంత పొడుగున్నా.

నేరుగా ఎదురింటి మామ వాకిట్లోకి పోయింది. ఆయన బయటికి వచ్చాడు.

"తీసుకోండి" అంది అమ్మ. "ఒకటే చెప్తాండా. కాళ్ళ తట్టు అంటించొద్దండి. ఆమెకు భయం."

నన్ను పోనివ్వలేదు. పొద్దు వాలేవేళకు చేని వైపు పొగ లేచింది. ఆ రోజు గాలి ఊరివైపే వీచింది, కిరసనాయిలు వాసన మోసుకుంటూ. అవ్వకు తెలిస్తే ఎట్లా కేక పెట్టేదో అని నేను చెవులు మూసుకున్నాను. చచ్చినవాళ్ళు కేకలు పెట్టరని తెలిసే వయసే, అయినా మూసుకున్నాను. అమ్మ వంటింట్లో ఖాళీ రోలు ముందు కూర్చుని ఉంది. నాయన గొడ్ల కొట్టంలో, అవ్వ కూర్చునే చోట, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

తలవైపే అంటించారంట. నిప్పు పెట్టింది మామ. ఇంకెవరినీ పెట్టనివ్వలేదంట.

చీకటి పడుతుండగా ఆయనే మా గడప దగ్గరికి వచ్చాడు. ఒంటినిండా పొగ వాసన. పెద్ద బిందె నిండా నీళ్ళు తెచ్చి దించి, నిలబడ్డాడు. అమ్మ వచ్చి చూసింది. ఆ బిందెను తన్నుతుందనుకున్నాను. తన్నలేదు. చెంబు ముంచి నా నోటికి పెట్టింది.

నేను తాగాను. గటగటా తాగాను. ఎంత తియ్యగా ఉన్నాయో ఆ నీళ్ళు. దాన్నే నేను ఇన్నేళ్ళయినా మింగలేకపోతున్నాను.

వాన వచ్చిందా అంటే, వచ్చింది. చేలన్నీ గొడ్లకు వదిలేశాక, ఎక్కడో సముద్రంలో తుఫాను పుడితే, దాని తోక తగిలి ఒక పూట కురిసింది. చూసినారా అన్నవాళ్ళు ఉన్నారు. ముందే చేసింటే పంట దక్కేది కదా అన్నవాళ్ళూ ఉన్నారు. మామ మాత్రం ఆ వానలో తన వాకిట్లో తడుస్తూ నిలబడ్డాడు. పిలిచినా లోపలికి పోలేదంట. ఆ తరవాత మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఊరిబిండి నూరిన రోజు ఆయన వాకిలి తలుపు మూసి ఉండేది.

అవ్వను తీసిన గుంత నాయన పూడ్చలేదు. ఊరివాళ్ళు అడిగితే, "తవ్వినోళ్ళు పూడ్చల్ల" అన్నాడు. ఎవరూ పూడ్చలేదు. ఇప్పటికీ తాత సమాధి పక్కన అది అట్లే ఉంది. మడకతో దున్నినా, ట్రాక్టరుతో దున్నినా దాని చుట్టూ తిప్పుకుని పోతారు.

"అమ్మా, చెప్పు. వాక్యం" అంది పాప మళ్ళీ. పెన్సిలు చివర కొరుకుతోంది.

ఎవరి గురించి చెప్పను? జడ ముడి వేసిన అత్తనా? బంగారట్లా మనిషి అన్న ఊరిపెద్దనా? నిప్పు పెట్టి నీళ్ళు తెచ్చిన మామనా? తీసుకోండి అన్న మా అమ్మనా? మేఘాలనా? ఆ ఐదు పదాలూ తీసుకుపోయి ఒక్కొక్కరి పక్కన పెట్టి చూశాను. ఎవరి పక్కన పెట్టినా వాళ్ళు ఏడుస్తున్న మొహమో, తలకు ఆముదం రాసే చెయ్యో అడ్డం వచ్చింది. అట్లాగని ఆ మాటలు వాళ్ళవి కావనీ అనలేను. అవ్వకు అగ్గంటే భయమని వాళ్ళందరికీ తెలుసు.

ఫోన్ తీసి అమ్మకు చేశాను.

"మా, ఆడ వాన పడిందా?"

"పడింది, బాగా పడింది. నీకెట్ల తెలుసు?"

"వాసన వచ్చింది. చేనికి పోయినావా?"

"ఇప్పుడే పోయి వచ్చినా. గుంత నిండింది. ఎదురింటోళ్ళ మేకలు వచ్చినాయి తాగేకి. ఆయన గట్టు అవతలే నిలబడినాడు. ముసలోడైపోయినాడు. తోలుకోని పోదామా వద్దా అని చూస్తాండాడు, నన్ను చూసి."

"నువ్వేమన్నావు? తోలేసినావా?"

"యాల తోలేది? దప్పికై వచ్చినాయి, తాగనీ."

నా చేటలోకి చినుకులు పడటం మొదలయ్యాయి. పాప పెన్సిలు పట్టుకుని నా మొహం వైపే చూస్తూ ఉంది.